చవక టర్న్‌టేబుల్: దేని మీద డబ్బు పెట్టాలి, దేన్ని తర్వాతకి వదిలేయాలి

రికార్డుల మీద కొత్తగా మోజు పడ్డవాళ్ళని మొదట వేధించే ప్రశ్నలు రెండు. బెల్టుతో తిరిగేది మంచిదా, మోటారు నేరుగా తిప్పేది మంచిదా? కొత్తది కొనాలా, నలభై ఏళ్ళ కిందటిది వెతికి పట్టుకోవాలా? రెండూ అడగాల్సినవే. కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. టర్న్‌టేబుల్‌లో కొన్ని భాగాలు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. కొన్ని యంత్రంతో పుట్టి యంత్రంతోనే పోతాయి. ముల్లు, దాని కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే కార్ట్రిడ్జ్, బెల్టు, పళ్ళెం మీద పరిచే మ్యాట్, ఆ సంకేతాన్ని పెంచే ప్రీఆంప్ మొదటి రకం. పళ్ళెం కింది బేరింగ్, ముల్లుని మోసే చేయి (టోన్ ఆర్మ్), మోటారు, వీటన్నిటినీ మోసే పీఠం రెండో రకం. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు అది రెండో రకం మీదే పెట్టాలి. ప్రకటనలు మాత్రం ఎక్కువగా మొదటి రకం గురించీ, పాట నాణ్యతతో ఏ సంబంధమూ లేని బ్లూటూత్, యూఎస్‌బీ, చెక్క రంగుల గురించీ ఊదరగొడతాయి.

అసలు ఈ యంత్రం చేయాల్సిన పని ఏమిటో చూస్తే సంగతి తేటపడుతుంది. ఎల్పీ అనే పెద్ద రికార్డుకి ఒక్కో వైపు ఉండేది ఒకే ఒక్క గాడి, అంచు నుంచి మధ్యకి చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. ఇరవై నిమిషాల పాటలున్న వైపు ఆ గాడిని సాగదీస్తే నాలుగు వందల మీటర్ల పైనే ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లంటే చుట్టుకి 1.8 సెకన్లు. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు జారిపోతుంది. చివరి పాట దగ్గరికి వచ్చేసరికి చుట్టు చిన్నదై 21 సెంటీమీటర్లకి పడిపోతుంది. అంటే అంతే సంగీతం సగం కంటే తక్కువ చోట్లో ఇరుక్కుంటుంది. చాలా రికార్డుల్లో చివరి పాటలో గొంతులోని సకారాలు గరగరలాడడానికి ప్రధాన కారణం ఇదే. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఈ ఇరుకుని తీసేయలేదు. సరైన ముల్లు, సరిగ్గా బిగించిన కార్ట్రిడ్జ్ ఉంటే దాన్ని చాలావరకు దాటవచ్చు.

కాబట్టి టర్న్‌టేబుల్ మూడే పనులు చేయాలి. పళ్ళేన్ని నిలకడగా తిప్పాలి. ముల్లుని తగినంత బరువుతో, అటూ ఇటూ ఊగకుండా గాడిలో నిలపాలి. తన సొంత చప్పుడు ముల్లుకి చేరకుండా చూసుకోవాలి. వినడానికి తేలికే. కానీ ముల్లు పసిగట్టే కదలికలు మైక్రాన్లలో ఉంటాయి. మోటారు వణుకు, బేరింగ్‌లో దుమ్ము, పక్కన ఉన్న స్పీకర్ అదురు, అన్నీ దానికి పాటలాగే వినిపిస్తాయి.

అట్టడుగు మెట్టు

మార్కెట్‌లో అన్నిటికంటే చవకగా దొరికేది సూట్‌కేస్ ఆకారంలో, లోపలే స్పీకర్లు పెట్టుకుని వచ్చే రకం. చూడముచ్చటగా ఉంటుంది, కానుకలుగా బాగా అమ్ముడుపోతుంది. పైన చెప్పిన మూడు పనుల్లో ఒక్కటీ సరిగ్గా చేయదు. పళ్ళెం రికార్డు కంటే చిన్నది, తేలికైనది. స్పీకర్లు, ముల్లు ఒకే పెట్టె మీద ఉంటాయి కాబట్టి కాస్త శబ్దం పెంచగానే పెట్టె అదిరి ముల్లు ఎగురుతుంది. కార్ట్రిడ్జ్ సాధారణంగా సిరామిక్ రకం. గాడి మీద ఐదారు గ్రాముల బరువు మోపుతుంది. చేయి వెనక సర్దే బరువు ఉండదు, అందుకని దాన్ని తగ్గించే దారీ లేదు.

ఇక్కడ ఒక మాట. ఈ రకం మీద ఒక్కసారి పెడితే రికార్డు పాడైపోతుందని భయపెట్టేవాళ్ళు ఉన్నారు. అది అతిశయోక్తి. కొత్త ముల్లు ఉంటే పది పదిహేను సార్లు వేసినా మామూలు చెవికి తేడా తెలియకపోవచ్చు. అసలు ప్రమాదం అరిగిన ముల్లుతో వస్తుంది. ఇలాంటి వాటిలో చాలాసార్లు వజ్రం బదులు నీలమణి ముల్లు పెడతారు. అది త్వరగా అరిగి పదునైన అంచులు తేలుతుంది, వాడేవాళ్ళు అది గమనించరు, ఆ అంచులు బరువుతో సహా గాడిని చెక్కేస్తాయి. చెక్కిన గాడి మళ్ళీ పూడదు. తాతల నాటి రికార్డులు ఇంట్లో ఉండి, వినడానికి ఏదో ఒకటి చాలనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకుంటే మంచిది.

దీని పైమెట్టు ఆడియో టెక్నికా ఏటీ-ఎల్పీ60ఎక్స్ లాంటిది. ఇందులో మూవింగ్ మాగ్నెట్ రకం (ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదిలి సంకేతం పుట్టించే) కార్ట్రిడ్జ్, వజ్రపు ముల్లు ఉంటాయి. గాడి మీద పడే బరువు 3 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. మీట నొక్కితే చేయి తనే లేచి రికార్డు మీద వాలుతుంది, పాటలైపోగానే తనే వెనక్కి వస్తుంది. ముల్లు విడిగా దొరుకుతుంది, మార్చుకోవచ్చు. కానీ కార్ట్రిడ్జ్ చేయిలో కలిసిపోయి ఉంటుంది, బరువు సర్దే వీలు లేదు. అంటే కొన్నరోజు ఎలా ఉందో చివరిదాకా అంతే. రికార్డుల పిచ్చి ఇంకా ముదరలేదు, నిలుస్తుందో లేదో తెలియదు అనుకునేవాళ్ళకి ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. ముదురుతుందన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా నేరుగా ఆ పై మెట్టుకి వెళ్ళడమే లాభం. ఎందుకంటే దీన్ని మెరుగుపరచడానికి పెట్టే ప్రతి పైసా వృథాయే.

ఆ పై మెట్టులో చూడాల్సింది

ఇక్కడి నుంచి చేయి వెనక తిప్పి సర్దుకునే బరువు ఉంటుంది, కార్ట్రిడ్జ్ విప్పి వేరేది బిగించుకోవచ్చు. రేగా ప్లానర్ 1, ప్రో-జెక్ట్ డెబ్యూ వరుస, ఆడియో టెక్నికా ఏటీ-ఎల్పీ120ఎక్స్, ఫ్లూయెన్స్ ఆర్టీ వరుస, ఇవన్నీ ఈ మెట్టులోవే. ఒక్కొక్కటీ ఒక్కో చోట పొదుపు చేసింది.

రేగా పొదుపంతా సౌకర్యాల్లో. ప్లానర్ 1లో వేగం మార్చాలంటే పళ్ళెం తీసి బెల్టుని చేత్తో మోటారు చిన్న చక్రం (పుల్లీ) మీది రెండో గాడిలోకి జరపాలి. పాట అయిపోతే చేయి తనే లేవదు, మనమే లేచి ఎత్తాలి. లోపల ప్రీఆంప్ లేదు. కానీ చేయి, బేరింగ్ ఆ ధరకి మించి ఉంటాయి. డబ్బు మార్చుకోలేని భాగాల్లోకి వెళ్ళింది. ఎల్పీ120ఎక్స్ దీనికి తలకిందులు. డైరెక్ట్ డ్రైవ్, మూడు వేగాలు, వేగాన్ని కొద్దిగా పెంచీ తగ్గించే పిచ్ సర్దుబాటు, విప్పదీసే హెడ్‌షెల్ (చేయి కొసన కార్ట్రిడ్జ్‌ని పట్టే భాగం), లోపలే ప్రీఆంప్, యూఎస్‌బీ, అన్నీ ఒకే పెట్టెలో. చూపులకి డీజేలు వాడే టెక్నిక్స్ ఎస్ఎల్-1200ని తలపిస్తుంది, తయారీలో ఆ గట్టిదనం మాత్రం లేదు. అయినా దీని చేయి ఎత్తుని సర్దుకోవచ్చు, హెడ్‌షెల్ నిమిషంలో మార్చుకోవచ్చు. రకరకాల కార్ట్రిడ్జ్‌లతో ఆడుకోవాలనుకునేవాళ్ళకి అది చిన్న సంగతి కాదు.

ఫ్లూయెన్స్ వరుస ఈ వ్యాసంలో చెబుతున్నదానికి మంచి ఉదాహరణ. ఆర్టీ82, 83, 84 మోడళ్ళ మధ్య ప్రధానమైన తేడా కార్ట్రిడ్జే. 83కి ఆర్టోఫాన్ 2ఎం రెడ్, 84కి 2ఎం బ్లూ. రెడ్, బ్లూ రెండింటికీ ముల్లు ఒకదాని బదులు ఒకటి సరిపోతుంది. అంటే 83 మోడల్ కొని, రెడ్ ముల్లు అరిగాక దాని స్థానంలో బ్లూ ముల్లు తొడిగితే పై మోడల్ చేతికొచ్చినట్టే. ఎలాగూ ఒకరోజు ముల్లు కొనక తప్పదు, ఆ ఖర్చుతోనే మెట్టు ఎక్కడం జరిగిపోతుంది. ఆడియో టెక్నికా వీఎం95 కుటుంబం కూడా ఇంతే: ఒకే బాడీ, దానికి గుండ్రటి ముల్లు దగ్గర నుంచి సన్నటి కొనల మైక్రోలీనియర్, షిబాటా దాకా తొడుక్కోవచ్చు.

ముల్లు ఆకారం గురించి కొంచెం ఆగాలి, ఎందుకంటే తక్కువ ఖర్చుతో పెద్ద తేడా తెచ్చేది ఇదే. గుండ్రటి ముల్లు కొన వ్యాసార్ధం పదిహేను, పద్దెనిమిది మైక్రాన్ల మధ్య ఉంటుంది. గాడిలోని అతి చిన్న మెలికలు అంతకంటే ఇరుకు. ముల్లు వాటిలోకి దిగలేక పైనుంచి జారిపోతుంది. కోడిగుడ్డు ఆకారపు ఎలిప్టికల్ ముల్లు పక్కల్లో ఎనిమిది మైక్రాన్ల దాకా సన్నబడుతుంది, అందుకే ఆ మెలికల్ని పట్టుకుంటుంది. పైన చెప్పిన చివరి పాట గరగర గుండ్రటి ముల్లుతో ఎక్కువ, ఎలిప్టికల్‌తో తక్కువ, మైక్రోలీనియర్‌తో ఇంకా తక్కువ. ఆయుష్షు సంగతి వేరే. వీఎం95 కుటుంబానికి కంపెనీ చెప్పే లెక్క ప్రకారం గుండ్రటిది 500 గంటలు, ఎలిప్టికల్ 300, షిబాటా 800, మైక్రోలీనియర్ 1000 గంటలు. ఒక ఎల్పీ నలభై నిమిషాలనుకుంటే 300 గంటలంటే 450 ఎల్పీలు, 1000 గంటలంటే 1500 ఎల్పీలు. రోజుకొక ఎల్పీ వినేవాళ్ళకి ఎలిప్టికల్ ముల్లు ఏడాదింబావులో పూర్తవుతుంది, మైక్రోలీనియర్ నాలుగేళ్ళు వస్తుంది. కొనేటప్పుడు గుండె గుభేల్‌మన్నా, ఎల్పీకి ఎంత పడిందని లెక్కేస్తే ఖరీదైన ముల్లు అంత ఖరీదేమీ కాదని తేలుతుంది.

కార్ట్రిడ్జ్ మార్చుకునేటప్పుడు చేయికీ దానికీ పొత్తు కుదరాలి. చేయి బరువు ఎంత, ముల్లు కడ్డీ ఎంత మెత్తగా వంగుతుంది అన్నవి కలిసి ఒక సహజ కంపనాన్ని పుట్టిస్తాయి. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటే మేలు. అంతకంటే కిందికి దిగితే వంకర రికార్డులు, గదిలో అడుగుల అదురు దాన్ని లేపుతాయి. పైకి పోతే పాటలోని మంద్రస్వరాలు లేపుతాయి. లెక్క సులువే: చేయి తుల్య బరువు (ముల్లు దగ్గర లెక్కలోకి వచ్చే బరువు), కార్ట్రిడ్జ్, స్క్రూలు కలిపిన గ్రాముల్ని కార్ట్రిడ్జ్ కాగితం మీద ఉన్న కంప్లయెన్స్ (ముల్లు కడ్డీ మెత్తదనం) అంకెతో గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగించాలి. మొత్తం 18 గ్రాములు, కంప్లయెన్స్ 15 అయితే 9.7 హెర్ట్జ్ వస్తుంది, బ్రహ్మాండం. అదే చేయి మీద 1980ల నాటి అతి మెత్తని కార్ట్రిడ్జ్, కంప్లయెన్స్ 35 ఉన్నది బిగిస్తే 6.3కి పడిపోతుంది. జపాన్ కంపెనీలు కొన్ని ఈ అంకెని 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ఇస్తాయి, 10 హెర్ట్జ్ దగ్గర అది ఎక్కువే ఉంటుంది. అందుకే అంకెతో పాటు అది ఎక్కడ కొలిచిందో కూడా చూడాలి. ఈ మెట్టులో దొరికే ఆడియో టెక్నికా, ఆర్టోఫాన్ మామూలు కార్ట్రిడ్జ్‌లు మామూలు చేతులకి కుదిరేలాగే చేస్తారు కాబట్టి కొత్తవాళ్ళు దీనికి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

బెల్టా, డైరెక్టా

ఈ గొడవకి అర్ధశతాబ్దం వయసు. అంతకు ముందు ఐడ్లర్ చక్రాలు రాజ్యమేలాయి: మోటారుకీ పళ్ళేనికీ మధ్య రబ్బరు చక్రం పెట్టి తిప్పేవారు. గారార్డ్ 301, లెంకో ఎల్75 ఆ కోవలోవి. బలంగా తిప్పుతాయి, మోటారు చప్పుడునీ అంతే బలంగా మోసుకొస్తాయి. 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ రూపొందించిన అకౌస్టిక్ రీసెర్చ్ టర్న్‌టేబుల్ బెల్టునీ, స్ప్రింగుల మీద తేలే లోపలి చట్రాన్నీ జతచేసి సామాన్యుడి ధరలో ఇచ్చింది. మోటారు వణుకు బెల్టులోనే ఆగిపోయేది. తర్వాత వచ్చిన థోరెన్స్, లిన్ యంత్రాలు ఆ దారిలోనివే. 1970 ప్రాంతంలో జపాన్ కంపెనీ మత్సుషిటా తన టెక్నిక్స్ పేరు మీద ఎస్పీ-10ని తెచ్చింది; మధ్యలో చక్రమూ లేదు, బెల్టూ లేదు, పళ్ళేనికి ఇరుసే మోటారు. 1972లో ఎస్ఎల్-1200, 1979లో డీజేలందరి చేతికీ చేరిన ఎంకే2 వచ్చాయి.

చరిత్ర ఆసక్తికరమే గానీ, తక్కువ ధరలో ఈ వాదం తేల్చేది చాలా తక్కువ. చవక డైరెక్ట్ డ్రైవ్‌లో మోటారు కుదుపు పళ్ళేనికి చేరవచ్చు, చవక బెల్టు యంత్రంలో వేగం కాస్త అటూ ఇటూ పోవచ్చు. ఏ పద్ధతి అన్నదానికంటే ఎంత శ్రద్ధగా చేశారన్నదే లెక్కలోకి వస్తుంది. ఒక్క తేడా మాత్రం వాడుకలో తెలుస్తుంది: డైరెక్ట్ డ్రైవ్‌కి బెల్టు సాగడమన్న బెడద లేదు, బెల్టు యంత్రం చెడితే బాగుచేసుకోవడం తేలిక.

వేగం కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, రికార్డు వేసి, ముల్లు దించి, స్టాప్‌వాచ్ పట్టుకుని చుట్లు లెక్కపెట్టాలి. సరైన వేగంలో 100 చుట్లు సరిగ్గా 180 సెకన్లకి పూర్తవుతాయి. 178కే అయిపోతే ఒక శాతం పైగా వేగంగా తిరుగుతున్నట్టు. ఒక శాతం వేగమంటే శ్రుతిలో 17 సెంట్లు, అర్ధస్వరంలో ఆరో వంతు. రికార్డుతో కలిసి వాద్యం వాయించేవాళ్ళకి ఇది ఇబ్బంది, మిగతావాళ్ళలో చాలామంది గమనించరు. ముల్లు దించకుండా కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే బలహీనమైన మోటారు ముల్లు ఒరిపిడికే కాస్త నెమ్మదిస్తుంది.

నిలకడగా ఉండే తప్పు కంటే చెవికి నొప్పి కలిగించేది ఊగిసలాట. పియానో ఒంటరిగా మోగే చోట, సాగదీసిన స్వరం అలలా ఊగితే వెంటనే పట్టుబడుతుంది. అయితే అన్నిసార్లూ నేరం యంత్రానిది కాదు. రికార్డు నడిమి రంధ్రం మిల్లీమీటరులో కొంత పక్కకి పడినా చుట్టుకోసారి, అంటే 1.8 సెకన్లకోసారి, శ్రుతి ఎక్కి దిగుతుంది. ఇంకో రికార్డు వేసి చూడకుండా టర్న్‌టేబుల్‌ని తిట్టకూడదు.

మరిచిపోయే ఖర్చు

కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది 3 నుంచి 6 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ నుంచి వచ్చేది 2 వోల్టుల దాకా. కాబట్టి టర్న్‌టేబుల్ తీగని మామూలు ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో గుచ్చితే దోమ రొదలాంటి శబ్దం వస్తుంది. పైగా రికార్డు చెక్కేటప్పుడే మంద్రస్వరాల్ని తగ్గించి, తారస్వరాల్ని పెంచి చెక్కుతారు. లేకపోతే మంద్రానికి గాడి అటూ ఇటూ ఊగి పక్క గాడిలోకి పొర్లుతుంది, తారం ఒరిపిడి చప్పుడులో మునిగిపోతుంది. దీనికి 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్ఐఏఏ పేరుతో కొలత ఖాయమైంది. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి: 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర అంతే తగ్గించాలి. ఈ రెండు పనులూ చేసేదే ఫోనో ప్రీఆంప్.

అది మూడు చోట్ల ఉండవచ్చు: టర్న్‌టేబుల్ లోపల, ఆంప్లిఫయర్ వెనక ఫోనో అని రాసి ఉన్న చోట, లేదా విడిగా చిన్న పెట్టెలో. ఏదో ఒక్కటే వాడాలి. రెండు కలిస్తే పెంపు మీద పెంపు పడి, శబ్దం బద్దలై, అడుగున బుంగ మూతిలో ఊదినట్టు వినిపిస్తుంది. కొత్తవాళ్ళు యంత్రం చెడిపోయిందని వెనక్కి పంపించే సందర్భాల్లో ఇలాంటివి లేకపోలేదు. లోపలే ప్రీఆంప్ ఉన్న టర్న్‌టేబుల్ కొంటే దాన్ని ఆపేసే స్విచ్ ఉందో లేదో చూడాలి. స్విచ్ లేకపోతే రేపు మెరుగైన ప్రీఆంప్ కొన్నా వాడలేరు. సన్నగా హుమ్మని మోత వస్తుంటే ముందు ఎర్త్ తీగ బిగించారో లేదో చూడాలి.

పాతది కొనడం

1970ల మొదలు నుంచి 1980ల మధ్య దాకా టర్న్‌టేబుల్ ఇంటింటి వస్తువు. లక్షల్లో తయారయ్యేది కాబట్టి అచ్చులకీ, బేరింగ్‌లకీ పెట్టిన ఖర్చు ఒక్కొక్క యంత్రం మీద కొద్దిగానే పడేది. జపాన్ కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడి మధ్య తరగతి ధరల్లోనే మంచి యంత్రాలు ఇచ్చాయి. 1982లో సీడీ వచ్చింది, దశాబ్దం తిరిగేసరికి ఆ కర్మాగారాలు వేరే పని చూసుకున్నాయి. ఇప్పుడు అదే నాణ్యతతో కొత్తగా చేయాలంటే తక్కువ సంఖ్యలో చేయాలి, ధర పైన కూర్చుంటుంది. పాతవాటిలో బేరం ఉందనడానికి ఆధారం ఇదీ. పయొనీర్ పీఎల్-12డి, టెక్నిక్స్ ఎస్ఎల్-బీ2, ఎస్ఎల్-డీ2, డ్యూయల్ సీఎస్ 505, థోరెన్స్ టీడీ 160 లాంటివి ఈ లెక్కకి నిలిచే పేర్లు. ఎస్ఎల్-1200 ఎంకే2 కూడా ఈ జాబితాలో ఉండాల్సిందే, కానీ దాని పేరు ఎంత మారుమోగిందంటే బేరమన్నది ఎప్పుడో పోయింది.

ఇక అటువైపు. నలభై ఏళ్ళలో లోహం చెక్కుచెదరకపోవచ్చు, రబ్బరూ గ్రీజూ మాత్రం అలా ఉండవు. బెల్టు సాగి ఉంటుంది, అది చిన్న పని. ఐడ్లర్ చక్రం ఒకే చోట నొక్కుకుని ఏళ్ళ తరబడి ఉంటే అక్కడ చదునై, తిరిగిన ప్రతిసారీ టకటకమంటుంది. పూర్తి ఆటోమేటిక్ యంత్రాల్లో పళ్ళెం కింద మీటలు, పళ్ళచక్రాలు నిండి ఉంటాయి. వాటి గ్రీజు జిగురై, ఎండి, చేయి మధ్యలో ఇరుక్కుపోతుంది. డ్యూయల్ కంపెనీ యంత్రాల్లో కందిగింజ కంటే చిన్న రబ్బరు తొడుగు ఒకటి శిథిలమైతే చాలు, చేయి తనంతట తాను ఎక్కడ వాలాలో మరిచిపోతుంది. తొడుగు కొత్తది దొరుకుతుంది, కానీ యంత్రం పొట్ట విప్పాలి. క్వార్ట్జ్ నియంత్రణ ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌లో ప్రత్యేక చిప్ కాలిపోతే ఇంకో చచ్చిన యంత్రం నుంచి పీకి పెట్టడమే దారి. అందుకే పాతవాటిలో చేత్తో నడిపేది, లేదా చివర్లో చేయి ఎత్తడం మాత్రమే తెలిసిన సెమీ ఆటోమేటిక్, పూర్తి ఆటోమేటిక్ కంటే మేలు. తక్కువ భాగాలుంటే చెడేవీ తక్కువే.

కార్ట్రిడ్జ్ బిగించే పద్ధతి కూడా ముందే చూసుకోవాలి. రెండు స్క్రూల మధ్య అర అంగుళం దూరం ఉండే మామూలు హెడ్‌షెల్ అయితే లోకంలోని ఏ కార్ట్రిడ్జ్ అయినా పడుతుంది. బ్యాంగ్ అండ్ ఓలఫ్‌సన్ యంత్రాలు కళ్ళు చెదిరేంత అందంగా ఉంటాయి గానీ వాటికి వాటి సొంత కార్ట్రిడ్జ్‌లే పట్టాలి. యంత్రం చవగ్గా వచ్చినా కార్ట్రిడ్జ్ దగ్గర తడిసి మోపెడవుతుంది. టెక్నిక్స్ తెచ్చిన పీ-మౌంట్ రకం బిగించడం సులువే, 1.25 గ్రాముల స్థిరమైన బరువు, కాని ఇవాళ ఎంచుకోడానికి కొద్ది రకాలే మిగిలాయి. ఇంకొకటి: ష్యూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ ఆపేసింది. పాత యంత్రంతో ష్యూర్ కార్ట్రిడ్జ్ వస్తే కంపెనీ ముల్లు దొరకదు, జపాన్‌కి చెందిన జైకో లాంటివాళ్ళు చేసే ముల్లే గతి. అది నాసిరకమేమీ కాదు.

కరెంటు సంగతి చాలామంది మరిచిపోతారు. వేరే దేశం నుంచి వచ్చిన యంత్రం 110 వోల్టులదైతే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నెట్టుకురావచ్చు. కానీ పాత బెల్టు, ఐడ్లర్ యంత్రాల్లో చాలావాటి మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి నడుస్తుంది. 60 హెర్ట్జ్ కోసం చేసిన పుల్లీతో 50 హెర్ట్జ్ కరెంటు మీద తిప్పితే ఆరో వంతు వేగం తగ్గి, పాడే మనిషి మత్తులో ఉన్నట్టు వినిపిస్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని సరిచేయదు; పుల్లీ మార్చాలి. అంచున చుక్కలుండి దీపం వెలుగులో చూసే స్ట్రోబ్ కూడా కరెంటుతో వెలిగేదైతే ఇంతే, 33⅓కి 50 హెర్ట్జ్ దగ్గర 180 చుక్కలు, 60 దగ్గర 216 ఉండాలి.

యంత్రం ఎదురుగా ఉన్నప్పుడు చేత్తో చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి, కొన్ని నిమిషాల్లో అయిపోతాయి. ముందు కరెంటు లేకుండా, బెల్టు తప్పించి పళ్ళేన్ని వేలితో తిప్పి వదలాలి. చప్పుడు లేకుండా తిరిగి మెల్లగా ఆగాలి. గరగరమంటే, లేదా తటాలున ఆగిపోతే, బేరింగ్ ఎండిపోయిందో అరిగిపోయిందో. అంచు పట్టుకుని అటూ ఇటూ కదిపితే లొడలొడలాడకూడదు. తర్వాత చేయి. వెనక బరువు సర్ది చేయి గాల్లో అడ్డంగా తేలేలా చేసి, చేయి లోపలికి జారకుండా లాగిపట్టే యాంటీ స్కేటింగ్‌ని సున్నాకి తిప్పి, నోటితో మెల్లగా ఊదాలి. చేయి అడ్డం లేకుండా ఇవతలికీ అవతలికీ తేలిపోవాలి. ప్రతిసారీ ఒకేచోట తట్టుకున్నట్టు ఆగితే బేరింగ్ దెబ్బతిన్నది. ఆ తర్వాత హెడ్‌షెల్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకీ వెనక్కీ బహు సుతారంగా కదపాలి. టిక్కుమని ఏ కాస్త ఆట తగిలినా వద్దని లేచి రావడమే ఉత్తమం. మూత పగిలిందా, కీళ్ళు విరిగాయా అన్నవి ధర తగ్గించడానికి పనికొచ్చే లోపాలు. చేయి బేరింగ్ లోపం మాత్రం ధరతో పూడేది కాదు. వెనక బరువు పోయి ఉంటే దాన్ని వెతకడం కూడా అంత తేలిక కాదు, ఒక్కో చేయికి ఒక్కో బరువు.

ముల్లు బాగుందని అమ్మేవాళ్ళు చెప్పే మాటకి విలువ కట్టకూడదు. అబద్ధమాడుతున్నారని కాదు, భూతద్దం కింద పెట్టి చూస్తే తప్ప అరుగుదల ఎవరికీ కనపడదు, ఎన్ని గంటలు తిరిగిందో ఎవరూ రాసిపెట్టుకోరు. పాత యంత్రం ధరకి కొత్త ముల్లు ధర, బెల్టు ధర, ఎవరైనా విప్పి శుభ్రం చేసి నూనె వేయడానికి తీసుకునే కూలి కలపాలి. అలా వచ్చిన మొత్తం కొత్త ప్లానర్ 1 లాంటిదానికి దగ్గరగా ఉంటే పాతదాని వెంట పడడంలో అర్థం లేదు, ఆ పాతది నిజంగా ఒక మెట్టు పైదైతే తప్ప. సగానికి తగ్గితే బేరమే. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇష్టం లేనివాళ్ళూ, దగ్గరలో బాగుచేసే మనిషి లేనివాళ్ళూ కొత్తదే కొనాలి. మొహమాటం లేకుండా చెప్పాలంటే పాత యంత్రాల్లో దొరికే లాభం చాలావరకు సొంత చాకిరీకి వచ్చే కూలి.

దూరం నుంచి తెప్పించుకునేటప్పుడు యంత్రం కంటే పెట్టె కట్టడం ముఖ్యం. పళ్ళెం తీసి విడిగా చుట్టాలి, వెనక బరువు, హెడ్‌షెల్ ఊడదీయాలి, చేతిని దాని కొయ్యకి కట్టాలి, స్ప్రింగుల చట్రం ఉంటే రవాణా స్క్రూలు బిగించాలి. పళ్ళెం అలాగే ఉంచి పంపితే దారిలో పడే ప్రతి కుదుపూ బేరింగ్ మీదే పడుతుంది. నలభై ఏళ్ళు క్షేమంగా ఉన్న యంత్రం నాలుగు రోజుల ప్రయాణంలో పాడైపోవడానికి ఇదొక్కటి చాలు. ఇవన్నీ చేస్తారా అని అమ్మేవారిని ముందే అడగాలి. తడబడితే ఇంకోచోట చూసుకోవాలి.

కొన్నాక చేయాల్సిన అమరికకి పెట్టుబడి దాదాపు శూన్యం. గట్టి బల్ల, స్పీకర్లు ఉన్న బల్ల కాకుండా వేరేది. నీటిమట్టం చూసే చిన్న పరికరం. ముల్లు బరువు తూచే చిన్న డిజిటల్ త్రాసు. వెనక బరువు మీద గీతల్ని నమ్మడం కంటే ఇది నయం. కార్ట్రిడ్జ్ కోణం చూసుకోవడానికి కాగితం మీద అచ్చువేసుకునే ప్రొట్రాక్టర్. బరువు మరీ తక్కువ పెడితే రికార్డుకి మంచిదన్న అపోహ ఒకటి ఉంది. తక్కువైతే ముల్లు గాడి గోడల్ని వదిలి ఎగిరి మళ్ళీ గుద్దుకుంటుంది, ఆ దెబ్బలు బరువు కంటే చేటు. కంపెనీ 1.8 గ్రాములంటే 1.8 పెట్టాలి.

చివరగా 78 వేగం రికార్డుల మాట. ఇంట్లో లక్కతో చేసిన పాత రికార్డులు ఉన్నవాళ్ళు టర్న్‌టేబుల్ మీద 78 అని అంకె కనిపించగానే నిశ్చింతపడతారు. వేగం ఒక్కటీ చాలదు. ఆ రికార్డుల గాడి ఎల్పీ గాడి కంటే చాలా వెడల్పు. దానికి 75 మైక్రాన్ల దరిదాపు కొన ఉండే ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగుకి దిగి, అక్కడి మట్టీ గీతలూ వినిపిస్తూ పోతుంది, ముల్లూ పాడవుతుంది. వీఎం95 కుటుంబంలో ఎస్పీ అనే ముల్లు దీనికోసమే ఉంది. ఎల్పీ120ఎక్స్ లాంటి మూడు వేగాల యంత్రం మీద అదే బాడీకి ముల్లు మార్చి, బరువు మళ్ళీ సర్దుకుంటే సరిపోతుంది. విద్యుత్ ముద్రణకి ముందునాటి రికార్డుల్లో 78 అని రాసినవన్నీ సరిగ్గా 78లో ముద్రించినవీ కావు, 75 దగ్గరవీ ఉన్నాయి, 80 దాటినవీ ఉన్నాయి. పిచ్ సర్దుబాటు ఉన్న యంత్రం ఇక్కడే నిజంగా అక్కరకొస్తుంది.